పేరు తెలియని స్త్రీ

ఎల్లేశం కుర్చీని వాకిలికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. రేఖ ఇచ్చిన టీ ముట్టలేదు. గ్లాసు గడప పక్కన చల్లారిపోతోంది.

"నేను లేస్తేనే గద మీరు పోయేది," అన్నాడు.

లోపలి గదిలో కిష్టమ్మకు ఆ మాట వినిపించింది. కోడలు పోరి కట్టించిన కొత్త చీర కొంగుకు పెట్టుకున్న పిన్ను మెల్లగా తీసేసింది. తలుపు సందులోంచి అది చూసిన రేఖకు ఒళ్ళు మండింది.

"పెద్దమామా, అత్తమ్మ ఎటు పోతున్నదని మీరు గిట్ల అడ్డం కూసున్నరు? కొడుకు తీసిన ఫోటోలు గోడకు పెట్టిండ్రు. పొద్దుమూకి నాటకం ఉన్నది. చూసి ఇంటికొస్తం. గంతే."

"నా తమ్ముడు పోయి ఏడాదన్న తిరగలే. ఏడాది తిరగకముందే ఆడిది నాటకం చూడబోయిందని నానక్‌రామ్‌గూడల అంటే మా మొఖాలు ఏడ పెట్టుకోవాలె?"

"మామ పోయినకాడి సంది ఆమె దవాఖానకు తప్ప గడప దాటలే. గది ఎవ్వరికి కనపడలేదా?"

"నీ చదువు నీ ఆఫీసుల చూపెట్టు. ఇది ఇల్లు."

"ఇల్లే అనుకుంటున్న నేను గూడ. జైలనుకుంటలే."

ఎల్లేశం కోడలి వంక చూడలేదు. గోడ మీది తమ్ముడు చంద్రయ్య ఫోటో వంక చూస్తూ అడిగాడు.

"మధుకర్ రమ్మన్నడా తల్లిని?"

రేఖ ఒక్క క్షణం తడబడింది. మధుకర్ నాటకానికి మాత్రమే రమ్మన్నాడు. నేరుగా సాయంత్రం రండి, బొమ్మల గదులు జనంతో నిండి ఉంటాయి, అమ్మ పరేషాన్ అవుతుంది అని మూడుసార్లు చెప్పాడు. పూర్తి రోజు గడపాలన్నది రేఖ ఆలోచన. ఇన్ని నెలల తరువాత బయటికి తీసుకెళ్తూ, రెండు గంటల్లో తిరిగి తెచ్చి గదిలో కూర్చోబెట్టడం ఆమెకు ఇష్టం లేదు.

"రమ్మన్నడు," అంది.

ఎల్లేశం ఇంకేదో అనబోయేలోగా కిష్టమ్మ బయటికి వచ్చింది. కొంగుకు పిన్ను మళ్ళీ పెట్టుకుని ఉంది.

"బావా, కుర్చీ జర జరుపు."

"కిష్టమ్మా, నువ్వు గూడనా?"

"నా కొడుకు ఎన్నేండ్ల సంది ఆ కెమెరా పట్టుకొని తిరుగుతుండు. ఏం తీస్తడో నేనొక్కనాడు చూడలే. చూసొస్త. వచ్చినంక నువ్వేమన్న అను, పడత."

ఆమె గొంతు పెంచలేదు. ఎల్లేశం లేచి, కుర్చీని గోడకు జరిపి, చెప్పులు వేసుకుని ఎవరితో ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

రేఖ గెలిచాననుకుంది.

*

కోకాపేటలో కొత్తగా కట్టిన ఒక పెద్ద భవనం కింది అంతస్తులో ఉంది ఆ కళాకేంద్రం. ఒక పక్క బొమ్మల ప్రదర్శనకు రెండు గదులు, ఇంకో పక్క నాటకాల హాలు, మధ్యలో కాఫీ దుకాణం. ఆదివారం కావడంతో ఆఫీసు పిల్లలు జంటలు జంటలుగా వచ్చారు.

కిష్టమ్మ మొదట గోడ వెంబడే నడిచింది. ఎవరైనా ఎదురొస్తే ఒదిగి నిలబడింది. కాసేపటికి తనను ఎవరూ పట్టించుకోవడం లేదని అర్థమై, ఆమె నడక కొంచెం సాగింది.

మట్టితో చేసిన తలలు ఒక వరుసలో పెట్టి ఉన్నాయి. ఒకదాని ముందు ఆగి, ముక్కు మీద వేలేసుకుంది.

"అచ్చం మా మేనత్త లెక్కనే ఉన్నది. గిదే మూతి. ఎప్పుడు ఎవర్నో ఒకర్ని తిడుతున్నట్టే ఉండేది."

రేఖ నవ్వింది. కిష్టమ్మ కూడా నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చుట్టూ చూసింది.

"నవ్వుండ్రి అత్తమ్మా. ఈడ ఎల్లేశం మామ లేడు."

ఒక గోడ నిండా ఒట్టి నీలిరంగు పూసిన ఒకే బొమ్మ ఉంది. కిష్టమ్మ దాని ముందు బెంచీ మీద చాలాసేపు కూర్చుంది.

"ఏం లేదు గదనే దీంట్ల."

"ఏం లేదత్తమ్మా."

"మరి మంచిగనే ఉన్నది," అంది కిష్టమ్మ. "కండ్లు సల్లగైనట్టున్నది. కాళ్ళు గుంజుతలేవు. ఇంకో గది గూడ చూద్దాం నడువు. వాని ఫోటోలు ఆడనే ఉన్నయేమో."

రెండో గదిలోకి ముందు కిష్టమ్మే వెళ్ళింది. రేఖ ఆమె వెనకనే ఉంది.

ఎదురుగోడ దగ్గర నలుగురైదుగురు గుమిగూడి ఉన్నారు. ఒకమ్మాయి ఫోన్ ఎత్తి పట్టుకుని, వెనకనున్న ఫోటో కూడా పడేలా తనను తాను తీసుకుంటోంది. పక్కనున్న అబ్బాయి, "ఆ మొహంలో పెయిన్ చూడు. లైట్ ఎంత బాగా పట్టాడో," అంటున్నాడు.

వాళ్ళు జరిగారు. ఫోటో కనపడింది.

తెల్లవారుజాము వెలుగు. ఖాజాగూడ చెరువు, దాని ఒడ్డున రాళ్ళు. నాలుగు వైపుల నుంచీ ముసలి చేతులు వచ్చి ఒకామె రెండు మణికట్లను పట్టుకుని ఉన్నాయి. ఆమె జుట్టు విడిపోయి ఉంది. పైట భుజం మీద నుంచి జారి నేల మీద పడి ఉంది. తల వెనక్కి వాలి, నోరు తెరుచుకుని ఉంది. పగిలిన గాజుముక్కలు గాలిలో మెరుస్తున్నాయి. ముంజేతి మీద సన్నని నెత్తుటి గీత.

ఆమె కిష్టమ్మ.

రేఖ చప్పున కళ్ళు దించుకుంది. ఆ రోజు చెరువు దగ్గరికి ముత్తైదువలను రానివ్వలేదు. మగవాళ్ళను కింద రోడ్డు మీదే ఆపేశారు. భర్త లేని ఆడవాళ్ళు మాత్రమే కిష్టమ్మను చీకట్లో తీసుకుపోయి, తెల్లవారేలోపు ఆ పని కానిచ్చారు. పోయే ముందు కిష్టమ్మ అందరినీ ఒకే మాట అడిగింది, ఎవ్వరూ చూడకండ్రి అని. ఆ మాటను ఇంట్లో వాళ్ళంతా పాటించారనే రేఖ అనుకుంది. అత్తకు ఏం చేశారో రేఖ ఇన్ని నెలలుగా కళ్ళతో చూడలేదు. ఇప్పుడు చూసింది. తనతో పాటు ఈ గదిలో అందరూ చూస్తున్నారు.

కిష్టమ్మ ఫోటోకు ఎదురుగా నిలబడి, వేసుకున్న కొంగును రెండు భుజాల మీదుగా గట్టిగా లాక్కుంది. మెడ వరకూ కప్పుకుంది. అప్పటికీ చాలలేదన్నట్టు అంచును పిడికిట్లో పట్టుకుంది.

"కింద ఏం రాసిండ్రు?" అని అడిగింది.

"పేరు అత్తమ్మా. మధు పేరు."

"రెండు లైన్లున్నయి గద."

రేఖ ఆమె చేయి పట్టుకుని పక్కకు నడిపించబోయింది.

"చదువు బిడ్డా."

"పేరు తెలియని స్త్రీ, ఖాజాగూడ చెరువు అని రాసి ఉన్నది."

కిష్టమ్మ తల ఊపింది. రెండడుగులు ముందుకు వేసి, వెనక్కి తిరిగి, వీపు ఫోటోకు ఆనేంత దగ్గరగా నిలబడింది. ఆమె పొట్టిది. ఫోటో కిటికీ రెక్కంత ఉంది. ఎంత కప్పినా తల, గాలిలో ఎగిరిన గాజులు ఆమె పైనుంచి కనపడుతూనే ఉన్నాయి.

అప్పుడే మధుకర్ లోపలికి వచ్చాడు. మెడలో ప్రదర్శన వాళ్ళిచ్చిన పట్టీ వేలాడుతోంది. ఎవరితోనో నవ్వుతూ వస్తున్నవాడు తల్లిని చూసి ఆగిపోయాడు.

"నేను సాయంత్రం రమ్మన్న గద," అన్నాడు.

వాడి నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

కళ్ళజోడు పెట్టుకున్న ఒక అమ్మాయి ఫోన్ తీసుకుని ముందుకు వచ్చింది. "ఆంటీ, కొంచెం పక్కకు జరుగుతారా? ఫోటో తీసుకోవాలి," అంది, చాలా మర్యాదగా.

రేఖ మధుకర్ వంక చూసింది. కిష్టమ్మ కూడా కొడుకు వంకే చూసింది. అతను నేలను చూస్తున్నాడు.

కిష్టమ్మ పక్కకు జరిగింది. అమ్మాయి ఫోటో తీసుకుని థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది.

*

మెట్ల పక్కన ఎవరూ లేని చోటికి రేఖ అతన్ని లాక్కుపోయింది.

"తియ్యి దాన్ని."

"మెల్లగ మాట్లాడు రేఖా."

"మెల్లగనే మాట్లాడుతున్న. పోయి గోడ మీదికెళ్ళి తియ్యి."

"ఇయ్యాల తియ్యలేను. నాటకంల వెనక తెర మీద అదే ఫోటో పడతది. ఆ ఫోటో చూసే తేజస్విని నాటకం రాసింది. ఢిల్లీల ప్రదర్శనకు గూడ అదే ఎంపికైంది. జర ఆలోచించు."

"ఏం ఆలోచించాలె? అత్తమ్మను అడిగినవా?"

"అడిగితే వద్దంటది."

"వద్దంటదని ఎరికయ్యే అడగలేదన్నట్టు."

మధుకర్ చేత్తో మొహం తుడుచుకున్నాడు. అతని గొంతులో కూడా కోపం పెరిగింది.

"నువ్వు తప్పు అర్థం చేసుకుంటున్నవ్. నేనా గాజులు పగలగొట్టింది? ఎల్లేశం పెద్దబాపు, ఆయన మనుషులు, ఆ ముసలోళ్ళందరు కూడి చేసిండ్రది. మా అమ్మకు ఏం జరిగిందో పదిమంది చూడాలె. చూస్తేనే గద ఇగ ఇంకొకరికి జరగకుండ ఉంటది. కోపం రావాలంటే వాళ్ళ మీద రావాలె."

"వాళ్ళ మీద పొద్దున్నే వచ్చింది. ఇప్పుడు నీ మీద వచ్చింది."

"నేను ఆపలేకపోయిన రేఖా. వద్దన్న, ఎవ్వరు వినలే. రోడ్డు మీద నిలబడలేక ఆ రాళ్ళెక్కిన. ఏడ్చుకుంటనే తీసిన, ఎరికెనా నీకు?"

రేఖ అతని మొహంలోకి చూసింది. అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ రోజు ఎర్రబారిన కళ్ళతో ఇంటికి రావడం ఆమె చూసింది. కానీ మెడలో కెమెరా ఎందుకుందని అప్పుడు తను అడగలేదు.

"ఆ ఒక్కటే తీసినవా?"

అతను మెడలోని పట్టీని తిప్పుతూ చూపు తప్పించుకున్నాడు.

"ఒక్కటే తీస్తే ఏడ్చుకుంట తీసినవని నమ్ముత. మంచిగ వచ్చేదాక తీసినవ్ మధూ. పైట జారిన తల్లిని కన్నకొడుకు చూసుకుంట, మంచిగ వచ్చేదాక తీసినవ్. ఆపలేనోనివి కండ్లన్న మూసుకోవచ్చు గద."

"పేరు పెట్టలే. అమ్మ ఇజ్జత్ పోవద్దనే పెట్టలే. ఆమె మా అమ్మని ఈడ ఒక్కరికి గూడ తెల్వది. తేజస్వినికి గూడ చెప్పలే."

"అదే అంటున్న నేను. ఒక్కరికి గూడ చెప్పలేవు."

మాటల మధ్యలో ఇద్దరూ ఒకేసారి ఆగారు. కిష్టమ్మ మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు.

"నాటకం ఎప్పుడు?" అని అడిగింది.

"ఐదింటికి అమ్మా. కానీ నువ్వు అలిసినట్టున్నవ్. బండి పిలుస్త, ఇంటికి పో. నాటకం ఇంకోనాడు చూద్దువు."

"టికెట్లు తీసింది పిల్ల."

"అమ్మా, నువ్వు ఆ నాటకం చూడకు."

అతను బతిమాలుతున్నాడు. కిష్టమ్మ కొడుకు మొహాన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"చూస్త," అంది.

*

కాఫీ దుకాణంలో రెండు ప్లేట్లు ముందు పెట్టుకుని అత్తాకోడళ్ళు కూర్చున్నారు. రేఖ ఇడ్లీని ముక్కలు చేస్తోందే గాని నోట్లో పెట్టుకోవడం లేదు. పొద్దున్న ఎల్లేశంతో పోట్లాడి మరీ ఈమెను తీసుకొచ్చింది తనే. ఆయన మాట విన్నా కిష్టమ్మకు ఈ గతి పట్టేది కాదన్న ఆలోచన రాగానే, ఆయన మీద కూడా మళ్ళీ మంట లేచింది. ఒకడు చూడొద్దని గదిలో పెట్టాడు. ఇంకొకడు చూడండని గోడకు పెట్టాడు. ఇద్దరిలో ఒక్కడూ ఆమెను అడగలేదు.

"ఇంటికి పోదామత్తమ్మా."

"కూసో."

కిష్టమ్మ ప్లేటును పక్కకు జరిపి అంది.

"ఒకామె అని రాసినా పోయేది. ముసల్ది అని రాసినా పోయేది. తెల్వదని ఎట్ల రాసిండు వాడు?"



*

హాలులో దీపాలు ఆరాయి. మధుకర్ ముందు వరుసలో కూర్చున్నాడు. వీళ్ళ సీట్లు మధ్యలో ఉన్నాయి.

నాటకం మొదట్లో సరదాగా సాగింది. ఒక మొగుడూ పెళ్ళాం తెల్లవారగానే పాలు అమ్మబోతూ పోట్లాడుకుంటారు. మొగుడు పాలలో నీళ్ళు కలిపితే, పెళ్ళాం ఆ సంగతి గిరాకీ ముందే చెప్పేస్తుంది. హాలంతా నవ్వింది. కిష్టమ్మ కూడా నవ్వింది. ఈసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. చీకటిలో ఆమె మొహం మీద వెలుగు పడి మాయమవుతుంటే, చంద్రయ్య బతికున్నప్పటి అత్తను చూసినట్టనిపించింది రేఖకు. ఇంత బాగా చెయ్యడం వచ్చిన వీళ్ళ మీద కోపం ఎలా తెచ్చుకోవాలో ఆమెకు ఒక నిమిషం తోచలేదు.

మొగుడు చనిపోయాడు. వేదిక మసకబారింది. వెనక తెర నిండా ఆ ఫోటో వచ్చి నిలబడింది. గోడ మీద ఉన్నదానికి పదింతలు ఉంది. దాని ముందు నటి మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ పైకెత్తి, గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపుకు ముందు సీటులో కూర్చున్న ఒకామె కళ్ళు తుడుచుకుంది.

రేఖ అత్త చేయి పట్టుకుంది.

"నేను అరవలే," అంది కిష్టమ్మ మెల్లగా.

"అత్తమ్మా."

"నోరు తెరిచింది అరిచేటందుకు గాదు. మీ మామను పిలిచిన. పేరు పెట్టి పిలిచిన. బతికున్నప్పుడు ఒక్కనాడు పిలవలే. చంద్రయ్యా అని మెల్లగ పిలిచిన. పక్కన పట్టుకున్నోళ్ళకు గూడ వినపడలే."

నటి ఇంకా అరుస్తూనే ఉంది.

*

నాటకం అయిపోయింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దర్శకురాలు తేజస్విని మైకు పట్టుకుని వేదిక మీదికి వచ్చింది. సన్నగా, కాటన్ చీరలో ఉన్న యువతి. ఆమె కళ్ళు కూడా తడిసి ఉన్నాయి.

"ఈ నాటకం ఒక ఫోటోతో మొదలైందండి. ఆ ఫోటో చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. దాన్ని తీసిన మధుకర్ గారు ఇక్కడే ఉన్నారు. ఒక్కసారి పైకి రండి."

మధుకర్ లేచాడు. మెట్లెక్కుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. చీకటిలో తల్లి అతనికి కనపడిందో లేదో తెలియదు.

"మమ్మల్నందరూ అడిగే ప్రశ్నే మిమ్మల్ని అడుగుతున్నానండి. ఆవిడ ఎవరో, ఇప్పుడెలా ఉన్నారో మీకేమైనా తెలిసిందా? మళ్ళీ ఎప్పుడైనా కలిశారా?"

మధుకర్ మైకు అందుకున్నాడు. నోరు తెరిచి, మూశాడు.

"లేదండి," అన్నాడు. "తర్వాత కనపడలేదు."

మళ్ళీ చప్పట్లు మోగాయి.

రేఖ లేవబోయింది. కిష్టమ్మ ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టి, తను లేచింది. వరుసలో కూర్చున్నవాళ్ళ మోకాళ్ళకు తగలకుండా ఒద్దికగా దాటుకుంటూ, తలుపు వైపు నడిచింది. ఇంటికి పోతోందనుకుని రేఖ సంచి తీసుకుని వెనకే పరుగెత్తింది.

కిష్టమ్మ బయటి తలుపు వైపు తిరగలేదు. బొమ్మల గదుల వైపు వెళ్ళింది. మొదటి గది దాటింది. రెండో గదిలో ఎవరూ లేరు. ఫోటోకు రెండు వైపులా చేతులు వేసి, పైకి ఎత్తింది. మేకు నుంచి అది ఊడి వచ్చింది. బొమ్మ వైపు తన ఛాతీకి తిప్పుకుని, చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"అత్తమ్మా, నాకియ్యుండ్రి, బరువుంటది."

"నేను మోస్త."

గుమ్మం దగ్గర సెక్యూరిటీ గార్డు అడ్డం వచ్చాడు. ఆమె వయసు చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మా, అది తీయొద్దు. ఆడ పెట్టు. నా నౌకరి పోతది."

"నీకేం గాదు బిడ్డా. నాది నేను తీసుకపోతున్న."

"నీదా? ఎట్ల నీదమ్మా?"

"దీంట్ల ఉన్నది నేనే."

గార్డు ఆమెనూ ఫోటో వెనకవైపు అట్టనూ మార్చి మార్చి చూశాడు. హాలు తలుపులు తెరుచుకుని జనం బయటికి వస్తున్నారు. గుమ్మం దగ్గర గుంపు చూసి కొందరు ఆగారు. పొద్దున ఫోన్‌తో వచ్చిన కళ్ళజోడు అమ్మాయి కూడా ఆగింది. ఎవరో తేజస్వినికి చెప్పినట్టున్నారు, ఆమె జనాన్ని తప్పించుకుంటూ వచ్చింది. ఆమె వెనకే మధుకర్.

"ఏం జరిగిందండీ?"

"ఈ అమ్మ ఫోటో తీసుకపోతున్నది మేడమ్. దీంట్ల ఉన్నది నేనే అంటున్నది."

తేజస్విని కిష్టమ్మ మొహంలోకి చూసింది. చూస్తుండగానే తేజస్విని మొహంలో రంగు మారింది. మాట కోసం తడుముకుంది.

"మధుకర్ గారూ, ఈవిడేనా? మీకు తెలుసా ఈవిడ?"

అతను తల్లి చేతుల్లోని ఫోటో అట్ట వంక చూశాడు. రేఖ ఇక ఆగలేకపోయింది. ఒకడుగు ముందుకు వేసి, "ఈమె ఎవరో నేను చెప్పనా?" అంది.

కిష్టమ్మ తల అడ్డంగా ఊపింది.

"నువ్వు చెప్పకు బిడ్డా. ఆమె నిన్ను అడగలే."

అందరూ మధుకర్ వైపు తిరిగారు. కిష్టమ్మ ఫోటోను ఛాతీకి ఇంకా దగ్గరగా హత్తుకుని, కొడుకు పెదవుల వంక చూస్తూ నిలబడింది.